మెత్తని ముక్కు

దీపావళి రాత్రి సీసాలో పెట్టి వెలిగించిన తారాజువ్వ రివ్వున పైకి లేస్తుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. పెద్దలకు మాత్రం ఒకటే బెంగ... అది ఎవరింటి మీద పడుతుందోనని!

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం, నార్ఫోక్ ఊళ్లో చెప్పుల కొట్టు నడిపే ఓర్విల్ కార్లైల్‌కు బాణసంచా అంటే ప్రాణం. రాకెట్ ఎలా ఎగురుతుందో నలుగురికీ చూపించడానికి ఆయన సోదరుడు రాబర్ట్‌కు ఓ నమూనా కావలసివచ్చింది. అలా 1954లో ఇద్దరూ కలిసి కాగితపు గొట్టం, బాల్సా చెక్కతో చిన్న రాకెట్ చేశారు. పైకెళ్లి, పారాచూట్‌తో మెల్లగా దిగొచ్చే రాకెట్ అది.

అలాంటి మోడల్ రాకెట్‌లో కిటుకంతా ముక్కు దగ్గరే ఉంటుంది. దాన్ని జిగురుతో అతికించరు. సీసాకు బిరడాలా గొట్టంలో దూరుస్తారంతే. మందు కాలిపోయాక చివర్లో చిన్న పేలుడు ముక్కును బయటికి నెడుతుంది. దాని వెనకే పారాచూట్ విచ్చుకుంటుంది. బిగువెక్కువైతే ముక్కు ఊడదు, రాకెట్ బాణంలా నేలకు దూసుకొస్తుంది. వదులైతే దారిలోనే జారిపోతుంది. అందుకే ముక్కు పట్టుకుని రాకెట్‌ను ఎత్తి చూస్తారు. దాని బరువుకి అది ఊడిరాకూడదు, కాస్త లాగితే రావాలి. వదులైతే ఓ చుట్టు టేపు, బిగువైతే కాస్త గరుకు కాగితం... వైద్యం అంతే!

ముక్కు ఎంత పదునుగా ఉంటే అంత మంచిదనుకుంటాం. 2003 వరకు ధ్వనిని మించిన వేగంలో ఎగిరిన కాంకార్డ్‌కు అది నిజమే. ధ్వని కన్నా నెమ్మదిగా వెళ్లే మోడల్ రాకెట్‌కు మాత్రం గుండ్రని మొన చాలు. ప్రయాణికుల విమానాలకు ఉండేదీ అలాంటి ముక్కే. మొన కన్నా నునుపు ముఖ్యం. అందుకే బాల్సా రంధ్రాలు పూడ్చి, రుద్ది, రంగేస్తారు. ఆ చెక్క బరువు టేకులో సుమారు నాలుగో వంతే.

ఆ రోజుల్లో ఇనుప గొట్టాల్లో మందు కూరి గాయాలపాలయ్యే కుర్రాళ్లు ఎందరో. క్షిపణి ప్రయోగ కేంద్రంలో పనిచేసిన హ్యారీ స్టైన్ ఈ ప్రమాదం గురించి పత్రికలో రాశారు. అది చదివిన కార్లైల్ 1957 ఆరంభంలో తన రాకెట్లు ఆయనకు పంపారు. అదే ఏడాది అక్టోబరులో స్పుత్నిక్ ఎగిరింది, పిల్లల రాకెట్ మోజు రెట్టింపైంది. ఆ సరికి ప్రాణాలకు ముప్పులేని దారి సిద్ధంగా ఉంది. స్టైన్ పెట్టిన అమెరికా మోడల్ రాకెట్ సంఘం నియమం ఇప్పటికీ ఒకటే... ముక్కు, గొట్టం, రెక్కలు తేలికగా ఉండాలి, లోహం కూడదు.

ఇప్పుడు ముక్కులు ప్లాస్టిక్‌తో వస్తున్నాయి, త్రీడీ ప్రింటర్లలోనూ తయారవుతున్నాయి. బాల్సా ముక్కు ఏ రాయికో తగిలి సొట్టపడితేనేం... ఆ సాయంత్రమే మరోటి చెక్కుకోవచ్చు. ఎగరేసిన పిల్లవాడు క్షేమంగా ఉంటే చాలు!