యారాడ ఘాట్‌లో తెలిసే పుల్లింగ్

విశాఖలో సింధియా వైపు నుంచి యారాడ బీచికి బండి మీద ఎప్పుడైనా వెళ్లారా? డాల్ఫిన్స్ నోస్ కొండ దాటించే ఆ ఘాట్ రోడ్డు పొడవు తక్కువే. కానీ వెనకాల మనిషిని ఎక్కించుకుని వెళ్తే ఇంజను గురించి ఉన్న నిజమంతా అక్కడే బయటపడుతుంది. ఆర్కే బీచి నుంచి భీమిలి దాకా గాలిలా దూసుకుపోయిన బండి ఇక్కడ మలుపులో కాస్త వేగం తగ్గగానే బుడుబుడుమంటుంది. గేరు దింపి, క్లచ్ నొక్కి, ఇంజనును పైకి అరిపిస్తే తప్ప కదలదు. వెనకాలే ఎవరో పాత సింగిల్ సిలిండర్ బండి మీద మూడో గేరులో తీరిగ్గా దాటుకుపోతారు.

నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే: "గురువుగారూ, జోడు సిలిండర్ల బండి కదండీ, కింద పుల్లింగ్ ఉండదేంటండీ?"

చలికాలం సాయంత్రం, చేతిలో టీ ఉంది, తొందరేం లేదు కాబట్టి ఇవాళ ఈ సంగతే మాట్లాడుకుందాం.

మన దేశంలో ఈ ప్రశ్నకు అసలు చిరునామా రాజ్‌దూత్ 350. యమహా ఆర్డీ 350ని ఎస్కార్ట్స్ వాళ్లు 1983లో ఇక్కడ తయారుచేయడం మొదలుపెట్టారు. రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, 347 సీసీ, ఆరు గేర్లు. జపాన్‌లో పుట్టినప్పుడు 39 గుర్రాల బలం ఉన్న ఆ ఇంజను, మన దగ్గరకు వచ్చేసరికి మైలేజీ కోసం 30.5కి తగ్గింది. దాన్నే హై టార్క్ అన్నారు. తర్వాత ఇంకాస్త బిగించి 27 గుర్రాలకు తెచ్చిన మోడల్ లో టార్క్. ఆర్డీ ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే మొదటి మాట ఇప్పటికీ "మీది హెచ్‌టీనా, ఎల్‌టీనా?" అనే.

347 సీసీ అంటే చాలా ఉన్నట్టు వినిపిస్తుంది. కానీ అది రెండు ముక్కలు. 64 మిల్లీమీటర్ల బోరు, 54 మిల్లీమీటర్ల స్ట్రోకు. ఒక్కో సిలిండర్‌కి దక్కేది 173 సీసీ చిల్లర. సిలిండర్లు చిన్నవయ్యేకొద్దీ పిస్టన్లు తేలికవుతాయి, ఇంజను ఎక్కువ వేగంగా తిరగగలుగుతుంది. ఆ వేగంలో గాలి చాలినంత లోపలికి రావాలని కంపెనీవాళ్లు పోర్టులూ కార్బొరేటర్లూ పెద్దవి పెడతారు. పెద్ద దారిలో ఇంజను నెమ్మదిగా తిరిగితే గాలి మందగిస్తుంది. గాలి మందగిస్తే పెట్రోలు సరిగా పొగమంచులా చెదరదు, సిలిండరు సగమే నిండుతుంది. పుల్లింగ్ అంటే ఇంకేం లేదు, ఒక్కో తిరుగుడుకీ సిలిండరు ఎంత నిండిందన్నదే. కవాసాకీ 2020లో 250 సీసీని నాలుగు సిలిండర్లకు పంచి జెడ్‌ఎక్స్-25ఆర్ తెచ్చింది. ఒక్కోటి 62 సీసీ. ఆ బండి పైవేగంలో పాడే పాట అద్భుతమే, కానీ ఎన్‌ఏడీ దగ్గర ట్రాఫిక్‌లో దాన్నుంచి పుల్లింగ్ ఆశించకూడదు.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెప్పేస్తాను. కింద పుల్లింగ్ లేదని వచ్చే బండ్లలో ఎక్కువ వాటికి కొత్త సామాను అక్కర్లేదు. కంపెనీ ఇచ్చినంతైనా ఆ ఇంజనులో మిగలలేదు, అంతే. ముందు దాన్ని తిరిగి తెచ్చుకోవాలి. అది తేకుండా సైలెన్సరు మార్చడం, పోర్టులు ఆకురాయితో గీకించడం డబ్బు దండగే కాదు, ఇంజనుకు అన్యాయం కూడా.

ఎక్కడ పోయిందో వెతకడానికి ఆర్డీ లాంటి టూ స్ట్రోక్‌లో నేను ముందు చూసేది రీడ్ వాల్వులు. కార్బొరేటర్ విప్పితే దాని వెనకాల, సిలిండర్ నోట్లో, చిన్న గుడారం ఆకారంలో ఒక అల్యూమినియం దిమ్మ ఉంటుంది. దాని వాలు మీద పల్చటి రేకులు. పిస్టన్ పైకి వెళ్తుంటే ఇవి తెరుచుకుని గాలీ పెట్రోలూ లోపలికి రానిస్తాయి, కిందికి వస్తుంటే మూసుకుంటాయి. ఆ దిమ్మను పెట్రోలుతో శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, కిటికీ వైపు ఎత్తి పట్టుకుని లోపలి నుంచి చూడండి. రేకు అంచున సన్నటి వెలుగు గీత కనిపించిందా? దొంగ దొరికాడు. ఇంజను జోరుగా తిరిగేటప్పుడు ఆ సందుతో పెద్ద నష్టం ఉండదు, వెనక్కి పోవడానికి గాలికి టైము చాలదు. నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రం లోపలికి వచ్చినదాంట్లో కొంత మళ్లీ కార్బొరేటర్‌లోంచి బయటికి కక్కేస్తుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా లోపల నూనె తడి కనిపించడం దీని గుర్తే. అంచులు పెచ్చులూడిన రేకులు మార్చాలి, రెండు సిలిండర్లకీ ఒకేసారి. రేకు ఎంత మెత్తగా వంగితే కింద అంత తొందరగా తెరుచుకుంటుంది. ఫైబర్ రేకులు వేసుకున్నవాళ్లు కింద తేడా తెలిసిందనేది అందుకే.

తర్వాత క్రాంక్ సీళ్లు. టూ స్ట్రోక్‌లో క్రాంక్ గది కూడా ఒక పంపే కాబట్టి అక్కడ గాలి లీకైతే పుల్లింగ్ చచ్చిపోతుంది. కుడివైపు, అంటే క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ లోపలికి పీల్చి, ఆగకుండా తెల్లపొగ కొడుతుంది. అది ఎవరికైనా తెలిసిపోతుంది. ఎడమవైపు సీలు పోవడమే ప్రమాదం. అక్కడ పొగ ఉండదు. వట్టి గాలి చొరబడి, పెట్రోలు పాలు తగ్గి, ఇంజను వేడెక్కి, ఒకరోజు పిస్టన్ పట్టేస్తుంది. స్లో స్పీడు స్థిరంగా నిలబడక తనంతట తానే పెరుగుతూ ఉంటే ఈ సీలును అనుమానించండి.

రెండు కార్బొరేటర్ల జత కుదరడం గురించి ఎంత చెప్పినా తక్కువే. జోడెద్దుల్లో ఒకటి ముందుకు అడుగేసి రెండోది నిలబడితే బండి ఎలా ఊగుతుందో, గ్రిప్పు తిప్పితే పైకి లేచే రెండు స్లైడ్లలో ఒకటి ముందు లేస్తే ఇంజను అలా ఊగుతుంది. పూర్తిగా తిప్పినప్పుడు రెండూ ఎలాగూ పైకి చేరిపోతాయి కాబట్టి తేడా తెలియదు. గ్రిప్పు కొద్దిగా తిప్పినప్పుడే, అంటే సరిగ్గా మనకు పుల్లింగ్ కావలసిన చోటే, అంతా పోతుంది. ఒకే సైజు డ్రిల్ బిట్లు రెండు తీసుకోండి. ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి, వాటి నున్నటి కాడలు ఒక్కో స్లైడు కింద ఒకటి ఆనించండి. గ్రిప్పును వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ చూడండి. రెండు కాడలూ ఒకే క్షణంలో జారాలి. ఒకటి ముందు జారితే, దాని కేబుల్ అడ్జస్టరును కొద్దిగా లోపలికి బిగించి మళ్లీ చూడాలి. ఓపికున్న మేస్త్రీలు స్లైడ్ల మీద వేళ్లుపెట్టి కూడా ఇది పట్టేస్తారు. ఖర్చు లేని పని, ఫలితం మాత్రం ఫస్ట్ గేరులోనే తెలుస్తుంది.

ఆర్డీలో రెండు సిలిండర్లకీ వేర్వేరు ఇగ్నిషన్ పాయింట్లు. టైమింగ్ దానంతటదే మారే ఏర్పాటు లేదు, పెట్టిందే ఖాయం. ప్లగ్గు కన్నంలో డయల్ గేజి పెట్టి, పిస్టన్ పైకొసకు సుమారు 2 మిల్లీమీటర్లు ఉండగా పాయింట్లు విడిపోయేలా రెండు వైపులా ఒకేలా సరిచేయాలి. మన ఊళ్లో దీనికి ఇంకో శత్రువు ఉప్పుగాలి. పాయింట్ల ముఖాలు గుంటలు పడతాయి, వైర్ల జాయింట్లకు ఆకుపచ్చటి చిలుం పడుతుంది, ఎర్త్ వైరు బోల్టు తుప్పు పడుతుంది. స్పార్క్ నీరసపడితే ముందు దెబ్బ తగిలేది తక్కువ స్పీడులోనే.

పోర్టు దుమ్ము సంగతి వన్ టౌన్ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇనుప ఖనిజం, బొగ్గు దిగుమతులూ ఎగుమతులూ జరిగే చోట ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడానికి పెద్దగా రోజులు పట్టవు. ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గుతుంది, పెట్రోలు పాలు పెరుగుతుంది, బండి బరువుగా నడుస్తుంది. అప్పుడు కొందరు ఫిల్టరు డబ్బానే పీకేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ డబ్బా వట్టి దుమ్ముతెర కాదు, లోపలికి పోయే గాలిని నిలకడగా ఉంచే కొలత కూడా దానికుంది. అది తీసేస్తే శబ్దం పెరుగుతుంది, కింద పుల్లింగ్ పోతుంది, బొగ్గుపొడి నేరుగా బోరు గీస్తుంది.

ఇవన్నీ సరిగా ఉండి, కంప్రెషన్ రెండు సిలిండర్లలోనూ దగ్గరదగ్గరగా చూపిస్తూ, అయినా ఇంకా కావాలనిపిస్తే అప్పుడు మార్పుల గురించి ఆలోచిద్దాం.

ఆటోనగర్‌లో లేత్ పనివాళ్లకు కొదవ లేదు. "పోర్టింగ్ చేసేస్తాం సార్, ఎగిరిపోద్ది" అంటారు. ఎగురుతుంది, పైవేగంలో. ఎగ్జాస్ట్ పోర్టు పైఅంచు ఎంత ఎత్తు లేపితే అది అంత ముందుగా తెరుచుకుని అంత ఆలస్యంగా మూసుకుంటుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు పేలిన వాయువు పని పూర్తి చేయకముందే బయటికి పోతుంది. గీకిన లోహం మళ్లీ రాదు కూడా. కింద బలం కావాలంటే ఆ పోర్టును ముట్టుకోకుండా వదిలేయాలి. సైలెన్సరుకీ ఇదే లెక్క. టూ స్ట్రోక్ సైలెన్సరులోంచి ఒత్తిడి అల వెనక్కి తిరిగొచ్చి, బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని లోపలికి నెడుతుంది. పైపు పొడవైతే అల ఆలస్యంగా వస్తుంది, అంటే తక్కువ వేగంలో సరిపోతుంది. పొట్టి రేసింగ్ పైపు బిగిస్తే ఆ సహాయం ఎక్కడో పైన, మన ఊరి రోడ్ల మీద ఎప్పుడోగాని చేరని వేగంలో దొరుకుతుంది.

ఈ చిక్కుకి యమహా కనిపెట్టిన విరుగుడు ఎంత అందమైనదో చూడండి. ఎగ్జాస్ట్ పోర్టు పైఅంచున తిరిగే ఒక చిన్న వాల్వు పెట్టారు. ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడు అది పోర్టును కిందికి దించినట్టు అడ్డుపడుతుంది, జోరందుకోగానే పక్కకు తప్పుకుంటుంది. వైపీవీఎస్ అన్నారు దాన్ని. రేసు బండ్ల మీద నిగ్గు తేల్చి ఆర్డీ 350 తర్వాత వచ్చిన ఒక తరానికి 1983లో బిగించారు. మనకు పాత ఆర్డీ వచ్చింది సరిగ్గా అదే ఏడు. ఆ వాల్వు కూడా వచ్చి ఉంటే మన ఘాట్ రోడ్ల మీద ఆ బండి ఇంకెంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ బాధే.

ఫోర్ స్ట్రోక్ బండ్లవాళ్లు ఈపాటికి విసుక్కుంటూ ఉంటారు. నింజా 300 తీసుకోండి. 296 సీసీ, జోడు సిలిండర్లు, టార్క్ గరిష్ఠం 27 న్యూటన్ మీటర్లు, అదీ 10,000 తిరుగుళ్ల దగ్గర. అంటే 2,500 దగ్గర ఆ బండి ఎంత బాగున్నా పది గుర్రాలకు మించి ఇవ్వలేదు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650లో 52 న్యూటన్ మీటర్లు, అందులో 80 శాతం 2,500 దగ్గరే దొరుకుతుందని కంపెనీ మాట. లెక్కేస్తే దాదాపు పదిహేను గుర్రాలు. సీసీ తేడాను ఏ ట్యూనింగూ పూడ్చలేదు. చిన్న ఫోర్ స్ట్రోకులో మన చేతిలో ఉన్నవి వాల్వు క్లియరెన్సు, థ్రాటిల్ బాడీల జత, శుభ్రమైన ఫిల్టరు, కంపెనీ సైలెన్సరు. అవి దాటాక మిగిలేది స్ప్రాకెట్.

స్ప్రాకెట్ మాత్రం అందరికీ పనికొస్తుంది. ముందు 15 పళ్లుంటే 14 వేస్తే వెనకచక్రం దగ్గర లాగుడు ఏడు శాతం పెరుగుతుంది, ప్రతి గేరులోనూ. ఇంజను విప్పక్కర్లేదు, నచ్చకపోతే మళ్లీ పాతది వేసుకోవచ్చు. హైవే మీద ఇంజను కాస్త ఎక్కువ తిరుగుతుంది, పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతుంది. రోజూ గాజువాక, కూర్మన్నపాలెం మధ్య స్టీల్‌ప్లాంట్ షిఫ్టు జనంలో నడిపేవాళ్లకు ఈ బేరం లాభమే అంటాను.

అరకు వెళ్లేవాళ్లకు ఇంకో మాట. మన ఊరు సముద్రమట్టం, కార్బొరేటర్ జెట్లు ఆ గాలికి సరిపెట్టినవి. వెయ్యి మీటర్లు ఎక్కితే గాలి సుమారు పది శాతం పల్చబడుతుంది. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే కార్బొరేటర్ బండి బరువెక్కినట్టు అనిపించడం అందుకే, కంగారుపడి దారిలో ఏదీ తిప్పకండి. తిరుగు ప్రయాణంలోనే అసలు జాగ్రత్త ఉండాలి. ఆర్డీలో నూనె పంపు గ్రిప్పును బట్టి పోస్తుంది. గాలికొండ నుంచి గ్రిప్పు పూర్తిగా మూసి, తక్కువ గేరులో, ఇంజను బ్రేకు మీద కిలోమీటర్ల కొద్దీ దిగితే ఇంజను జోరుగా తిరుగుతూనే ఉంటుంది, నూనె మాత్రం చుక్కలుగానే అందుతుంది. చిన్న స్ప్రాకెట్ వేసుకున్నవాళ్లకు ఇంకా ఎక్కువ తిరుగుతుంది. అందుకని దిగేటప్పుడు మధ్యమధ్యలో క్లచ్ నొక్కి గ్రిప్పు ఒకసారి తిప్పి వదలండి. ప్రతి రెండు మూడు మలుపులకీ ఓసారి చేస్తే చాలు.