పాటకూ పాస్‌పోర్టు అడుగుతారు

మా ఇంట్లో నానీ ఉర్దూలో కోప్పడేది. అబ్బా తెలుగులో కిరాణా లెక్కలు రాసేవాడు. ఎనభైల్లో వీధి చివరి వీడియో షాపు నుంచి వారానికో క్యాసెట్ వచ్చేది. ఒక వారం ఎన్టీఆర్ సినిమా, ఇంకో వారం పాకిస్తాన్ టీవీ నాటకం. 'తన్‌హాయియా' చూసి అమ్మీ నవ్వితే ఆమె ఏ దేశం పక్షమోనని మాలో ఎవరికీ అనుమానం రాలేదు.

సర్కార్లకు మాత్రం పాటైనా సినిమా అయినా సరిహద్దు గేటే. 1965 యుద్ధం తర్వాత పాకిస్తాన్ మన సినిమాలను ఆపేసింది. 2006లో స్నేహం మాటలు నడుస్తుంటే రంగులద్దిన 'మొఘల్-ఎ-ఆజమ్' అక్కడి థియేటర్లకు వెళ్ళింది. 2019లో మళ్ళీ మూసేశారు. ఇటువైపూ అంతే. 2015లో ముంబైలో గులాం అలీ కచేరీ బెదిరింపులకు రద్దయింది. 2016లో ఉరీ దాడి తర్వాత నిర్మాతల సంఘం పాకిస్తానీ నటులను వద్దంది. కళను ఆపితే ఎవరి పొయ్యీ ఆరిపోదు, పేపర్లో మాత్రం పెద్దక్షరాల వార్తవుతుంది. ఆ వార్తలు దిద్దేవాణ్ణి కాబట్టే చెప్తున్నా.

మరి ఆ గేటు దగ్గర ముందు ఎవరి జేబులు తడుముతారు? పెషావర్‌లో పుట్టి బొంబాయిలో బతికిన దిలీప్ కుమార్‌కు 1998లో పాకిస్తాన్ 'నిషానె ఇంతియాజ్' ఇచ్చింది. మరుసటేడే కార్గిల్ యుద్ధం. తిరిగిచ్చెయ్యమని శివసేన పట్టుబట్టింది. ఆయన ప్రధాని వాజపేయిని కలిసి, ఆ పురస్కారాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. 1990లో మొరార్జీ దేశాయికి అదే దేశం 'నిషానె పాకిస్తాన్' ఇచ్చింది. 2018లో కరాచీ చిత్రోత్సవం రాజమౌళిని పిలిస్తే, 'బాహుబలి'ని అక్కడా చూస్తారని మా డెస్కంతా సంబరపడింది. సంబరపడాల్సిందే. కానీ అసలు పేరు యూసుఫ్ ఖాన్ అయితే పతకం బరువు మారిపోతుందా?

2025లో పహల్గాంలో 26 మందిని చంపారు. ఆ పేర్లు దిద్దుతుంటే నా చేతులు వణికాయి. ఆ తర్వాత ఫవాద్ ఖాన్ సినిమా 'అబీర్ గులాల్' ఇక్కడ విడుదల కాకుండా ఆగిపోయింది. అంతమందిలో ఒకాయన నన్నే చూసి, "ఏం భాయ్, మీవాడి సినిమా ఆగిపోయిందే!" అన్నాడు.

మీవాడు! ఫవాద్ నాకేమవుతాడు? ఆయన ఊరు నేనెరగను. నాది నల్లగొండ. ఉర్దూ మాట్లాడితే అటువాణ్ణి అయిపోతానా? గోల్కొండ ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీలో కవిత్వం రాసేనాటికి పాకిస్తాన్ అన్న మాటే పుట్టలేదు.

పాకిస్తానీ కళాకారులను నిషేధించాలన్న పిటిషన్‌ను 2023లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టూ ఆ తీర్పులో వేలు పెట్టలేదు. కోర్టు అంతదూరం వచ్చింది. నా పక్క కుర్చీ ఇంకా రాలేదు.

సినిమాలు శాంతి తెస్తాయని నేననను. దిలీప్ పతకం కార్గిల్‌లో ఒక్క తూటానూ ఆపలేదు. గేటు తెరవడం, మూయడం రెండు సర్కార్ల పంచాయితీ. దానికి మమ్మల్ని తాళంకప్ప చెయ్యకండి. త్యాగరాజ కీర్తనకు తలూపితే నాదే దేశమని ఎవరూ అడగలేదు. మెహదీ హసన్ గజల్‌కు ఊగేదీ ఆ తలే.