భయం ఉండేది ఎక్కడ?

ఇండియా నుంచి అర్ధరాత్రి ఫోన్ మోగిందంటే, ఎవరు చేశారో చూసేలోపే అమెరికాలో ఉన్న మనలాంటివాళ్ళకి గుండె జారిపోతుంది. ఆత్మకి చావు లేదని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం కదా, మరి ఆ విన్నదంతా ఆ క్షణంలో ఎక్కడికి పోతుంది?

అయోవా విశ్వవిద్యాలయం వాళ్ళు ఏళ్ళతరబడి పరిశీలించిన ఒకావిడ ఉంది. పరిశోధన పత్రాల్లో ఆవిడ పేరు ఎస్.ఎమ్., అంతే. ఏదో అరుదైన జబ్బుతో మెదడులో బాదంగింజంత ఉండే అమిగ్డలా రెండువైపులా పాడైపోయింది. పాములమ్మే దుకాణానికి తీసుకెళ్తే పాముని చేతిలోకి తీసుకుంది. కెంటకీలో దయ్యాలకొంపగా పేరుపడ్డ వేవర్లీ హిల్స్ అనే పాత క్షయ ఆసుపత్రిలో అందరికన్నా ముందు నడిచింది. ఇంకేం, భయం చిరునామా దొరికిందనుకున్నారు.

2013లో కథ తిరగబడింది. అదే ఎస్.ఎమ్.కి 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి ఒక్కసారి పీల్పిస్తే, మాస్కు తియ్యమన్నట్టు చెయ్యి ఊపుతూ గిలగిలలాడిపోయింది. అదే జబ్బున్న కవల అక్కచెల్లెళ్ళదీ అదే వరస. పాము, దయ్యం బయటివి. ఊపిరి లోపలిది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఈ భయం ప్రోగ్రాములో రాసింది కాదు, చిప్పులోనే ఉంది.

పతంజలి దీనికే అభినివేశం అని పేరు పెట్టాడు. బతుకుని పట్టుకు వేళ్ళాడటం. పండితుడికైనా ఇది తప్పదని కూడా చెప్పాడు.

పోనీ, చచ్చాక ఏమవుతుందో తెలిస్తే భయం తగ్గుతుందా? గుండె ఆగి బతికినవాళ్ళ మీద శామ్ పార్నియా బృందం చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. 2060 కేసులు. ప్రాణం పైకి తేలి చూస్తుందేమోనని ఆసుపత్రి గదుల్లో కప్పు దగ్గర అరలు కట్టి, పైనుంచి మాత్రమే కనపడేలా బొమ్మలు పెట్టారు. చూశామన్నవాళ్ళు ఒక్కరూ లేరు. అయితే ఆ అరలున్న చోట గుండె ఆగినవాళ్ళు నాలుగోవంతు కూడా లేరు కాబట్టి, ఏమీ లేదని తేలినట్టూ కాదు.

మా అమ్మకి ఎనభై దాటాయి. "నా టికెట్టు ఎప్పుడో కన్‌ఫర్మ్ అయిందిరా, నాకేం భయం?" అంటుంది. అదే అమ్మ అన్నం తింటూ పొలమారితే కళ్ళు పెద్దవి చేసుకుని నీళ్ళకోసం తడుముకుంటుంది. ఆ మాటా నిజమే, ఆ తడుముకోవడమూ నిజమే. ఒకటి మనసుది, ఇంకోటి ఊపిరిది.

ఆ రెండోదానికి వేదాంతం వినపడదు. పక్కన మనిషి ఉండాలి, వీపు మీద చెయ్యి ఉండాలి. అమ్మ పోయాక ఎక్కడికెళ్తుందోనని నాకు బెంగ లేదు. ఆ వేళకి గ్లాసుడు నీళ్ళు అందించడానికి ఎవరుంటారా అనే నా భయమంతా.