ఎండసీమలో లాగర్ లెక్కలు

ఏప్రిల్ 9, కర్నూలు

నడిమింట్లో కడప బండల మీద థర్మామీటర్ పెట్టాను. మధ్యాహ్నం మూడింటికి 35 చూపించింది, రాత్రి పదింటికి 33. బయట 42 దాటింది. మిద్దె ఇంట్లో ఇంతకన్నా చల్లటి చోటు లేదు.

మెల్బోర్న్‌లో మా గ్యారేజీలో ఉన్న, ఒత్తిడిలో బీరు పులియబెట్టే ప్రెషర్ ఫర్మెంటర్‌ను ఊహలో తెచ్చి ఈ బండల మీద పెట్టి చూస్తున్నాను. ఇక్కడ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాచడం నేరం. ఆస్ట్రేలియాలో సొంత వాడకానికి కాచుకోవచ్చు, బట్టీ పెట్టి సారా దించితే మాత్రం అక్కడా నేరమే. కాబట్టి ఈ సెలవుల్లో చేసేది కొలతలు రాసుకోవడం వరకే. అయినా ఒక ప్రశ్న వదలడం లేదు. ఫ్రిజ్జు లేకుండా, వేడిని వేడిగానే ఒప్పుకొని, మా సీమలాంటి చోట శుభ్రమైన లాగర్ బీరు పులియబెట్టగలమా?

లాగర్ ఈస్ట్ చలిదేశపు జీవి. జర్మనీలోని వైహెన్‌స్టెఫాన్ పేరుతో వచ్చిన 34/70 రకాన్ని మామూలుగా 12 డిగ్రీల దగ్గర వారాల తరబడి పులియనిస్తారు. వేడి పెరిగితే అది తొందరపడుతుంది, విపరీతంగా పిల్లలు పెడుతుంది, ఆ తొందరలో మాగిన అరటిపండు వాసన, గొంతులో మంట పుట్టించే ఘాటైన ఆల్కహాళ్లు వదులుతుంది. తాగినవాడికి తెల్లారి తలనొప్పి వీటివల్లే అంటారు గానీ, నాకు ముఖ్యం రుచి చెడిపోవడం.

ఏప్రిల్ 12, కర్నూలు

మేనల్లుడు ఇంటర్‌లో కెమిస్ట్రీ చదువుతున్నాడు. ఫోనులో ఫర్మెంటర్ బొమ్మ చూసి, "మామా, ఇది నీళ్ల క్యాన్ మాదిరే ఉండాది గదా, దీంట్లో ఏముంది గొప్ప?" అన్నాడు. వాడికి చెప్పిందంతా ఇక్కడ రాసి పెడుతున్నా.

తొట్టి గట్టి పెట్ ప్లాస్టిక్‌ది, 30 లీటర్లు పడుతుంది. మాది మెల్బోర్న్ కంపెనీ కెగ్‌ల్యాండ్ చేసే ఫెర్మ్‌జిల్లా. మూతకు రెండు కనెక్షన్లు ఉంటాయి, ఒకటి గ్యాసుకు, ఒకటి బీరుకు. లోపల మెత్తటి గొట్టం, దాని కొసన తేలే బంతి. ఈస్ట్ అడుగున పేరుకుపోతే గొట్టం పైనున్న తేటను లాగుతుంది. గ్యాసు దారికి స్పండింగ్ వాల్వ్ బిగిస్తాం. కుక్కర్ మీద వెయిట్ ఎట్లా ఒక హద్దు దాటాక ఆవిరిని వదులుతుందో, ఇదీ అట్లాగే గ్యాసును వదులుతుంది. తేడా ఏమంటే హద్దు ఎంతో మనం తిప్పి పెట్టుకోవచ్చు. 2.4 బార్ దాకా తొట్టి ఓర్చుకుంటుంది, అది దాటకుండా వేరే సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. మరిగే నీళ్లు మాత్రం పోయకూడదు. వేడికి ప్లాస్టిక్ మెత్తబడితే ఆ హద్దుకు అర్థమే ఉండదు.

20 లీటర్ల మామూలు బీరు పులిస్తే 800 గ్రాముల దాకా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. మామూలు డబ్బాలో అది బుడగలు బుడగలుగా గాలిలోకి పోతుంది. ఈ తొట్టిలో కొంత ఆపుతాం. ఆపిన గ్యాసు ద్రవంలో కరిగి ఈస్ట్‌ను అదుముతుంది. ఈస్ట్ పిల్లలు పెట్టడం తగ్గుతుంది, దాంతోపాటు అరటిపండు వాసనా ఘాటూ తగ్గుతాయి. 12 డిగ్రీల దగ్గర చేయాల్సిన పనిని 20 దగ్గర, ఒక బార్‌కు కాస్త అటూఇటూ ఒత్తిడిలో చేయించొచ్చు. అదీ వారంలోపే.

వాడు వెంటనే అడిగాడు, "మరి ఇంకా ఎక్కువ ఒత్తితే 33లో కూడా చేస్తాదా?" అసలు ప్రశ్న అదే. చేయదు. ఒత్తిడి మరీ పెంచితే ఈస్ట్ నీరసపడి, చక్కెర మిగిలిపోయి, మధ్యలో ఆగిపోతుంది. ఒత్తిడితో గెలుచుకోగలిగేది ఓ పది డిగ్రీలు. 33కి అది చాలదు.

ఏప్రిల్ 16, కడప

చిన్నాయన దగ్గరికి వచ్చాను. ఒకప్పుడు ఆయన సోడా మిషన్ నడిపించినాడు. నిమ్మసోడా, నన్నారి సోడా, ఎండాకాలమంతా చేతికి తీరిక ఉండేది కాదు. ఇప్పుడు మిషన్ పెరట్లో, రేకుల కింద ఉంది.

గోలీసోడా సీసాను 1872లో ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ పేటెంట్ చేయించుకున్నాడు. మెడలో గోలీ, పైన రబ్బరు రింగు. లోపలి గ్యాసే గోలీని రింగుకు అదిమి పట్టి మూత వేస్తుంది. బిరడా ఎండి గ్యాసు జారిపోయే కాలంలో ఎంత తెలివైన పని! కాడ్‌ను పుట్టించిన దేశం ఆ సీసాను ఎప్పుడో మరిచిపోయింది, మన బజార్లు మరిచిపోలేదు.

మిషన్ ఎట్లా పనిచేసేదో చిన్నాయన చేతులతో చూపించినాడు. నీళ్లు నింపిన సీసాలను ఇనుప చట్రంలో బిగించాలి, సిలిండర్ తిప్పి గ్యాసు వదలాలి, చట్రాన్ని గిరగిరా తిప్పాలి. తిప్పితేనే గ్యాసు నీళ్లలో కలుస్తుంది. తలకిందులైనప్పుడు గోలీ మెడలోకి జారి గట్టిగా పడుతుంది. చట్రం చుట్టూ జల్లెడ కమ్మీ, చేతికి గోనెపట్టా. ఎప్పుడైనా ఒక సీసా పేలేది, కమ్మీ లేకుంటే కండ్లు పోయేవే.

"నీళ్లు సల్లగుంటేనే గ్యాసు దిగుతాది అబ్బీ. వేడినీళ్లకు ఎంత కొట్టినా నురుగే. అందుకే తొట్లో ఐసు వేస్తాంటిమి. నింపిన సీసాల మీద తడి గోనె కప్పాల. ఎండలో పెట్టినావంటే అదే లేస్తాది."

పుస్తకాల్లో గ్యాసు కరగడం గురించి చదివిందంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. నా లెక్కలూ అవే. బీరుకు సరిపడా గ్యాసు కరిగి ఉండాలంటే 20 డిగ్రీల దగ్గర దాదాపు 2 బార్ కావాలి. అదే బీరును 2 డిగ్రీలకు చల్లబరిస్తే 0.7 బార్ చాలు. చిన్నాయనకు ఒత్తిడి మీటరు బొమ్మ చూపించి ఈ అంకెలు చెప్తే ఆయన అడిగింది ఒకటే. "మూత తీసేముందు గ్యాసు ఇడుస్తాండావా లేదా?" ఇడుస్తాను, అదీ మెల్లగా. ఒక్కసారిగా వదిలితే కరిగిన గ్యాసంతా లేచి ఈస్ట్‌తో సహా నురుగై వాల్వ్‌లోకి ఎక్కుతుంది. "అంతే మరి," అన్నాడు. ఒత్తిడిని నమ్ముకుని బతికిన మనిషికి ఇంతకన్నా ఎక్కువ చెప్పాల్సిన పని లేదు.

ఏప్రిల్ 23, కర్నూలు

బవేరియాలో 1553లో ఒక శాసనం వచ్చింది. ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాయకూడదు. ఎండాకాలంలో కాసింది చెడిపోతోందని అనుభవంతో తెలుసుకున్నారు, సూక్ష్మజీవుల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. చలికాలంలో కాసి, కొండ సొరంగాల్లో ఐసు మధ్య దాచుకునేవాళ్లు. లాగర్ అక్కడ పుట్టిందే చలి వల్ల. 1870లలో కార్ల్ లిండే చల్లబరిచే యంత్రాలు చేసినప్పుడు మొదట ఆసక్తిగా డబ్బు పెట్టినవాళ్లలో మ్యూనిక్ బీరు కంపెనీలు ఉన్నాయి. అప్పటి ఉమ్మడి భారతదేశంలో ఇంగ్లీషువాళ్లు కసౌలీ, ముర్రీ, ఊటీ అని కొండలెక్కి బ్రూవరీలు కట్టిందీ చలి కోసమే.

అంటే కొండెక్కాలి, సొరంగం తవ్వాలి, లేదా కరెంటు పోసి చల్లార్చాలి. ఈ మూడూ లేనివాడి బీరు పంచాంగం చాలా చిన్నది. ఒత్తిడి ఆ పంచాంగాన్ని కాస్త పొడిగిస్తుంది. ఇది నాకు ఇవాళే స్పష్టంగా అర్థమైంది. నా పాత డైరీల్లో సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు రాసుకున్న గది వేడి వెతికాను. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ నడిమిల్లు 24, 25 దగ్గర నిలుస్తుంది. మామూలు డబ్బాలో లాగర్‌కు అది కూడా ఎక్కువే. ఒత్తిడి కింద మాత్రం అందుబాటులోకి వస్తుంది. కర్నూలుకు ఏప్రిల్‌లో లాగర్ లేదు. పుష్యమాసంలో ఉండొచ్చు.

ఏప్రిల్ 28, కర్నూలు

రాత్రి అమ్మ అడిగింది. "ఎన్ని మాటలు చెప్పినా తాగుడే గదా నాయనా అది?"

ఈ ఊళ్లో, ఈ జిల్లాల్లో ఆ మాటకు బరువు ఉంది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది చిత్తూరుకూ కడపకూ తెచ్చింది. కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు మంత్రివర్గం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది మద్యనిషేధం గొడవలోనే. నిషేధం ఎత్తేయమని రామమూర్తి కమిటీ చెప్పింది, ప్రభుత్వం ఒప్పుకోలేదు. బతుకుతెరువు పోయిన కల్లుగీతవాళ్ల వైపు గౌతు లచ్చన్న నిలబడ్డారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఏడాది తిరిగేసరికి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారా ప్యాకెట్లు మా వీధిలో ఏం చేశాయో అమ్మకు నాకన్నా బాగా తెలుసు.

అవునమ్మా, తాగేదే అన్నాను. ఆ మాటను మెత్తబరచే హక్కు నాకు లేదు. నేను కాసేది తక్కువ, తాగేది ఇంకా తక్కువ. నన్ను పట్టి ఉంచేది పులియడం. ఒక గింజ తీపిగా మారి, ఆ తీపి గ్యాసుగా, వాసనగా, నురుగుగా మారడం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. అమ్మ కాసేపు ఊరకుండి, "ఈడ మాత్రం ఆ పని పెట్టుకోవద్దు" అంది. పెట్టుకోను.

మే 2, కర్నూలు

జేజి రాగులు నానబెట్టింది. రాత్రంతా నానాక వడకట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలకలు తెల్లగా కనబడగానే మిద్దె మీద ఆరబోసింది. ఈ ఎండకు ఒక్క పూటలో గలగలలాడాయి. కాస్త వేయించి, విసిరి, జల్లిస్తే రాగిమాల్ట్. చంటిపిల్లలకు కాచి పోసేది.

బార్లీని మాల్ట్ చేసే పద్ధతి కూడా ఇదే, నానబెట్టడం, మొలకెత్తించడం, ఆరబెట్టడం. మొలకలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడతాయి. చిరుధాన్యాల్లో రాగిమొలకకు ఆ శక్తి బాగానే ఉంటుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. బార్లీ పిండి 60, 65 డిగ్రీల దగ్గరే ఉడికి లొంగుతుంది. రాగిపిండికి 70 దాటాలి, ఆ వేడికి ఎంజైములు చాలావరకు చచ్చిపోతాయి. కాబట్టి కొంత రాగిపిండిని ముందు జావలా కాచి, 65కు చల్లార్చి, బార్లీ మాల్ట్‌తో కలపాలి. సంగటి కెలికే చేతులకు ఇది కొత్త పనేమీ కాదు.

ఇంకొకటి ఇక్కడి నీళ్లు. ఈ నేలంతా సున్నపురాయి. టీ గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది అదే. లేత రంగు బీరుకు ఈ నీళ్లు పనికిరావు, రుచి మొద్దుబారుతుంది. కాచి, చల్లార్చి, పైతేట వంచుకుంటే కొంత సున్నం పోతుంది. ముదురు రంగు బీరుకైతే ఇవే నీళ్లు మేలు.

మే 5, కడప దారిలో

బస్సు కిటికీలోంచి ఈతచెట్లు, వాటికి కట్టిన కుండలు. కల్లుకు ఎవరూ ఈస్ట్ వేయరు, చుక్క కుండలో పడుతుండగానే పులియడం మొదలవుతుంది. కుండకు లోపల సున్నం పూస్తే ఆగి నీరా అవుతుంది. సున్నం లేకుంటే పొద్దున తియ్యన, సాయంత్రానికి పులుపు, మర్నాటికి వెనిగర్ దారి. ఈ ఎండకు తగిన జీవులు ఈ నేల మీద ఎప్పటినుంచో ఉన్నాయి. వేడిలో పులియడానికి వాటికి ఏ యంత్రమూ అక్కర్లేదు, నిలవ మాత్రం ఉండదు.

నార్వే పల్లెల్లో తరాలుగా ఇళ్లల్లో కాపాడుకున్న క్వైక్ అనే ఈస్ట్ 35, 40 డిగ్రీల్లో కూడా శుభ్రంగా పులియబెడుతుంది. చలిదేశంలో వేడిని ప్రేమించే ఈస్ట్! ఏప్రిల్ కర్నూలుకు జవాబు ఏదైనా ఉంటే అక్కడే ఉంది.

జూన్ 14, మెల్బోర్న్

గ్యారేజీలో 11 డిగ్రీలు. ఈ చలిలో లాగర్‌కు ఒత్తిడే అక్కర్లేదు. అందుకే తొట్టికి వేడి బెల్టు చుట్టి 24 దగ్గర పెట్టాను, కర్నూలు నడిమింటి డిసెంబరు వేడి.

పిల్స్‌నర్ మాల్ట్ 3.2 కిలోలు, ఇండియన్ షాపులో కొన్న రాగిపిండి ఒక కిలో, జావ కాచి కలిపినది. చేదుకు వేసే హాప్స్ తక్కువే. 20 లీటర్లు, సాంద్రత 1.045. ఈస్ట్ 34/70, వేడికి భయపడి రెండు ప్యాకెట్లు వేశాను. అదే వర్ట్, అంటే ఇంకా పులియని తీపి రసం, నాలుగు లీటర్లు పక్కన గాజు జాడీలో, మామూలు ఎయిర్‌లాక్‌తో, అదే వేడిలో. తేడా ఒత్తిడి ఒక్కటే ఉండాలి.

జూన్ 15

మొదటి రోజు వాల్వ్ దాదాపు తెరిచే ఉంచాను, ఈస్ట్ ముందు నిలదొక్కుకోవాలి. రాత్రికి 0.8 బార్‌కు బిగించాను. జాడీలో నురుగు మెడదాకా ఎక్కింది. తొట్టిలో నాలుగు వేళ్ల మందం కూడా లేదు.

జూన్ 19

తొట్టిలో సాంద్రత 1.012. తీసి చూశాను, చిన్న గంధకం వాసన ఉంది. ఇది ఒత్తిడి పద్ధతికి ఉన్న ఇబ్బంది. గాలిలోకి పోవాల్సిన వాసనలు కూడా లోపలే ఉండిపోతాయి. గ్యాసు కొంచెం వదిలి, మళ్లీ కట్టుకోనిచ్చాను. ఇప్పుడు వాల్వ్ 1.8 బార్ దగ్గర. మిగిలిన చక్కెరే బీరుకు కావలసిన గ్యాసు ఇస్తుంది, సిలిండర్ అక్కర్లేదు.

జూన్ 29

రెండూ 1.009 దగ్గర ఆగాయి. తొట్టిని ఫ్రిజ్జులో 2 డిగ్రీలకు దించాను, మీటరు తనంతట తానే 0.7కు వచ్చింది. బీరు గాలి తగలకుండా గొట్టంలోంచి నేరుగా కెగ్‌లోకి పోయింది. గాలి తగిలితే వారాల్లో తడి అట్ట వాసన వస్తుంది.

జాడీ బీరులో మాగిన అరటిపండు వాసన, వెనక గొంతులో వేడి. తొట్టి బీరులో అవి లేవని చెప్పను, వెతికితే దొరుకుతాయి. ముందుకొచ్చేది మాత్రం రొట్టె వాసన, రాగి తెచ్చిన కాస్త మట్టి రుచి, హాప్స్ చేదు. గంధకం చలిలో పోయింది. 18 డిగ్రీల దగ్గర కాసిన నా పాత లాగర్ ఇంతకన్నా శుభ్రంగా ఉండేది. కానీ 24 దగ్గర ఇది తాగదగిన లాగర్. జాడీలోది కాదు.

చిన్నాయనకు ఫోన్ చేసి మీటరు 1.8 నుంచి 0.7కు దిగిన సంగతి చెప్పాను. "చెప్పలేదా నేను, సల్లదనానికి గ్యాసు లొంగుతాదని," అన్నాడు. తర్వాతి తొట్టి 35 దగ్గర, క్వైక్‌తో, ఒత్తిడి లేకుండా. రాగి రెండు కిలోలకు పెంచాలి. జావ ఇంకా పలచగా కాయాలి, ఈసారి వడకట్టడానికి గంటకు పైగా పట్టింది.