నిలవ పెట్రోలు

వేరుశనగకు మందు కొట్టే రోజులు మొదలైతే చాలు, షట్టరు ఎత్తక ముందే నా షాపు ముందు పెట్రోలుతో నడిచే తైవాన్ స్ప్రేయర్లు వరసగా కూర్చొని ఉంటాయి. తెచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "పోయినేడు బాగా పనిచేసిందన్నా, ఈ పొద్దు తాడు లాగితే పలకల్యా." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మిషను చెడిపోయినందుకు కాదు, చెడితేనే కదా నా దగ్గరికి వచ్చేది. పోయినేడు పనిచేసిన రోజుకూ ఈ పొద్దుకూ నడుమ పది నెలలు గడిచినాయి, ఆ పది నెలల ఊసే ఎవరూ ఎత్తరు. ఎక్కడ పెట్టినారు, ట్యాంకులో ఏముంచి పెట్టినారు అని అడిగితే, "మూలకు పెట్టింటిమి, మళ్లా ముట్టుకోనే లేదన్నా" అంటారు. ఆ ముట్టుకోకపోవడమే జబ్బు అంటే నమ్మరు.

కాలువ కింద రెండు మూడు పంటలు తీసే చోట ఇంజనుకు ఏడాది పొడుగునా పని ఉంటుంది. మా గోరంట్ల వైపు అట్లా కాదు. పాత అనంతపురం జిల్లాకు ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. జైసల్మేర్ తర్వాత దేశంలో అంత తక్కువ వాన పడేది మనకేనని చిన్నప్పటి నుంచి వింటున్నాం. 2022 ఏప్రిల్ నుంచి మాది శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా మారింది గానీ వాన మారలేదు. జూన్, జూలైలో విత్తనం పడితే ఆగస్టులో తిక్క ఆకుమచ్చకో ఆకుముడత పురుగుకో మందు కొడతారు. వాన మొహం చాటేస్తే ఆ పనీ ఉండదు. ఇంజను పరిగెత్తేది కొన్ని దినాలు, పడుకునేది ఏడాదంతా. అందుకే మా వైపు ఇంజన్లు అరిగి చెడేవి తక్కువ, పడుకొని చెడేవే ఎక్కువ. ఇన్నేళ్లుగా స్పానరు పట్టుకొని నేను గట్టిగా చెప్పగలిగిన మాట ఇదొక్కటే.

పెట్రోలు నిలవుంటే చెడుతుంది. పాలు, పెరుగు చెడతాయంటే ఒప్పుకునే మనిషి పెట్రోలు చెడుతుందంటే నా వైపు అనుమానంగా చూస్తాడు. అందుకని కార్బురేటర్ ఆయన ముందరే విప్పుతాను. కింది గిన్నె ఊడదీస్తే ముందు వాసన కొడుతుంది, పెట్రోలు వాసన కాదు, పాత వార్నీషు వాసన. పెట్రోల్లో తేలికగా ఆవిరయ్యే భాగమంతా ఎగిరిపోయి, మిగిలింది గిన్నె అడుగున తుమ్మబంక మాదిరి అంటుకొని ఉంటుంది. ఫ్లోటు లేవదు, సూది కదలదు. ఇంక ఇత్తడి జెట్టు విప్పి వెలుతురుకు ఎత్తి పట్టి చూపిస్తాను. నడుమ సన్నటి రంధ్రం ఉండాలి, అందులోంచి ఆకాశం చుక్కంత కనబడాలి. ఏమీ కనబడదు. "ఇందులోంచే కదప్పా నీ ఇంజను నీళ్లు తాగేది" అంటే అప్పుడు తల ఊపుతాడు.

ఈ మధ్య ఇంకో సంగతి కూడా కలిసింది. ఇప్పుడు బంకులో పోసేది ఒట్టి పెట్రోలు కాదు. దేశం మొత్తం మీద నూటికి పది పాళ్ల ఇథనాల్ కలపడం 2022లో కుదిరింది, 2025 నాటికి అది ఇరవైకి చేరింది. చెరకు రైతుకు, మొక్కజొన్న రైతుకు దాని వల్ల మేలు ఉంటే నాకు సంతోషమే. కానీ ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. రోజూ తిరిగే బండిలో ట్యాంకు ఖాళీ అవుతూ నిండుతూ ఉంటుంది కాబట్టి అంత తెలియదు. మూలకు పెట్టిన స్ప్రేయర్లో ఆ తేమ నెలల తరబడి కూర్చుంటుంది. పాత మిషన్లలో రబ్బరు పైపులు మెత్తబడి ఉబ్బుతాయి, డయాఫ్రం ముడతలు పడుతుంది, గిన్నె లోపల తెల్లటి పొడి పేరుకుంటుంది. నిలవ పెట్రోలు ముందు నుంచీ చెడ్డదే, ఇప్పుడు ఇంకా త్వరగా చెడుతోంది.

జెట్టు మూసుకుంటే చాలామంది చేసే పని, అందుబాటులో ఉన్న ఇనుప తీగ తీసి పొడవడం. నా కళ్ల ముందు ఎవరైనా ఆ పని చేస్తే చెయ్యి పట్టి ఆపుతాను. ఇత్తడి మెత్తనిది. ఇనుప తీగ రెండుసార్లు తిరిగిందంటే రంధ్రం పెద్దదవుతుంది. కంటికి తెలియదు గానీ ఇంజనుకు తెలుస్తుంది. ఆ తర్వాత ఎన్ని స్క్రూలు తిప్పినా పొగ తగ్గదు, ప్లగ్గు నల్లబడడం ఆగదు. జెట్టును రాత్రంతా పెట్రోల్లోనో థిన్నర్లోనో నానబెట్టాలి, పొద్దున గాలి కొట్టాలి. అప్పటికీ తెరుచుకోకపోతే నైలాన్ బ్రష్షు పోగు ఒకటి పీకి దాంతో మెల్లగా నెట్టాలి. ఇది నా సొంత తెలివి కాదు, హిందూపురంలో నేను పని నేర్చుకున్న మేస్త్రీది. ఆయన షాపులో ఇనుప తీగ ముక్క కనబడితే ఏరి బయట పారేసేవాడు.

మేస్త్రీ చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో ఇంజను కుర్రాడు. ఊరి బయట డేరా, డేరా వెనక గుంత, ఆ గుంతలో డీజిలు ఇంజను. ప్రొజెక్టరులో రెండు కార్బన్ కడ్డీల నడుమ మంట వెలిగితేనే తెర మీద బొమ్మ పడేది, ఆ మంటకు కరెంటు ఇచ్చేది ఈ ఇంజను. ఇంజను మందగిస్తే ముందు బొమ్మ పచ్చబడుతుందట, దాని వెంటనే పాట కుంగుతుందట. మేస్త్రీ ఉండేది డేరా వెనక, ఆయనకు బొమ్మ కనబడదు, పాట వినబడుతుంది. ఘంటసాల గొంతు ఇసుమంత దిగిందంటే చాలు, ఇంజను వేగాన్ని సర్దే గవర్నరు లంకె పట్టేసిందో డీజిలు ఫిల్టరు మూసుకుంటోందో కనిపెట్టి, లోపల ఈలలు మొదలయ్యే లోపల సర్దేసేవాడట. ఇంజను ఎగిసి దిగి, ఎగిసి దిగి ఊగిందంటే పాట కూడా ఊగుతుంది. ఆ ఊపు ఏ వేగంతో ఉంటే స్ప్రింగు తప్పు, ఏ వేగంతో ఉంటే లంకె అరుగు అన్నది ఆయనకు పాటల లెక్కలోనే తెలుసు. ఒక సినిమా పేరు చెబితే కథ చెప్పలేడు గానీ అందులో ఏ పాట దగ్గర ఇంజను ఇబ్బంది పెట్టిందో చెప్పేవాడు. ఆ సినిమాలు ఆయన చూడలేదు, అన్నీ విన్నాడు.

నేను చేరే నాటికి డేరా హాళ్లు పోయినాయి, ఆ చెవి మాత్రం పోలేదు. షాపులో టేపు రికార్డరు ఉండేది. క్యాసెట్టు సాగి పాట రవ్వంత కుంగితే, చేతిలో పిస్టన్ ఉన్నా సరే తల ఎత్తేవాడు. మాకు చదువు చెప్పింది కూడా అట్లాగే. ప్లగ్గు చూపించే ముందు కళ్లు మూసుకొని తాడు లాగమనేవాడు. చేతికి బరువు తగిలితే రింగులు బాగున్నట్టు, బరువు లేకుండా జారిపోతే బోరు అరిగినట్టు. ఇంజను ఉన్నట్టుండి గొంతు పెంచి ఆగిపోతే దానికి నూనె అందడం లేదని. వెనకాల ఎవరూ ఎక్సిలేటరు తిప్పకుండా ఇంజను గొంతు పెంచితే అది బలం కాదు ఆకలి అని చెప్పేవాడు. ఆ తర్వాతే ప్లగ్గు. పొడి మసి పట్టి ఉంటే గాలి ఫిల్టరు చూడాలి. తడిసి నల్లగా ఉంటే ఆయిలు ఎక్కువైందో, నిప్పు రావడం లేదో. తెల్లగా కాలి ఉంటే పెట్రోలు తక్కువ, ఇంజను ప్రమాదంలో ఉంది. కాఫీపొడి రంగు ఉంటే మూత పెట్టి పంపెయ్. పుస్తకం లేకుండా ఆయన చెప్పిన ఈ నాలుగు రంగులకు, తర్వాత నేను చదివిన ఏ కంపెనీ పుస్తకంతోనూ తేడా రాలేదు.

డేరా హాలు వదిలిన తర్వాత మేస్త్రీ బావుల ఇంజన్ల మీదికి వచ్చినాడు. అప్పట్లో చిత్రావతి ఏరు పొడుగునా బావుల దగ్గర ఆయిలింజన్ల డబడబలు వినబడేవంట. పైన నిలబెట్టిన పంపు కింది నీళ్లను పీల్చుకోవాలి. ఎంత మంచి పంపయినా ఏడెనిమిది మీటర్లకు మించి పీల్చలేదు. పది మీటర్లు దాటితే నీళ్లను పైకి నెట్టడానికి గాలి బరువే చాలదు. నీళ్లు దిగేకొద్దీ రైతులు బావి గోడకు మెట్టు కట్టి ఇంజనును కిందికి దించినారు. మళ్లీ నీళ్లు దిగితే మళ్లీ దించినారు. లోపల పొగ నిండి మనుషులకు ఊపిరాడేది కాదు. ఆ తర్వాత బోర్లు వచ్చినాయి, నీళ్లలోనే మునిగి పనిచేసే మోటార్లు వచ్చినాయి, ఆయిలింజన్లు పాత ఇనుము కిందికి పోయినాయి.

అవి మళ్లీ గుంపుగా కనబడింది 2016 ఆగస్టులో. వాన పోయి పూత మీదున్న వేరుశనగ ఎండుతుంటే ప్రభుత్వం రెయిన్‌గన్నులు, డీజిలు ఇంజన్లు, పైపులు జిల్లాకు దించింది. కుంటల్లో ఉన్న నీళ్లు తోడి చేలకు చిమ్మడమే పని. ఆ రోజుల్లో నాకు నిద్ర లేదు. మిషన్లు కొత్తవి, వాటిలో తప్పేమీ లేదు; ట్యాంకు పూర్తిగా ఎండే దాకా తోలడంతో డీజిలు పైపుల్లో గాలి చేరేది. డీజిలు ఇంజనుకు ఒకసారి గాలి పట్టిందంటే నూనె పోసినంత మాత్రాన స్టార్టు కాదు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు పోయి నూనె చిక్కగా కారే దాకా ఆగాలి, ఆ తర్వాత ఇంజెక్టరు దగ్గర కూడా అదే పని. రాత్రి టార్చిలైటు వెలుతుర్లో, కుంట గట్టు మీద, చుట్టూ పదిమంది రైతులు మాట్లాడకుండా ఆ బుడగల వైపే చూస్తుండగా ఆ పని చేసినాను. ఇంజను అందుకొని, దూరంగా చేలో నీళ్లు చిమ్మిన చప్పుడు వినబడితే వాళ్ల ముఖాలు చూడాలి. ఈ పనిలోకి వచ్చినందుకు నాకు అంత గర్వం ఇంకెప్పుడూ కలగలేదు.

ఇప్పుడు కష్టమంతా సామాన్లతో. అర చెయ్యంత లేని డయాఫ్రం చిరిగితే అదొక్కటి అమ్మరు, మొత్తం కార్బురేటర్ కొనమంటారు. మూడు రూపాయల సీలు కోసం పంపు మొత్తం. మేస్త్రీ కాలంలో హిందూపురంలో రైలెక్కి బెంగళూరు జె.సి. రోడ్డుకు పోతే ఎంత చిన్న ముక్కయినా విడిగా దొరికేది, దొరక్కపోతే వచ్చి లేతు మీద చేయించేవాళ్లు. ఈ తరం మిషన్లలో కొన్నిటికి ప్లాస్టిక్కు అతికించి మూసేస్తున్నారు, విప్పితే మళ్లీ మూతపడదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు కోసం ఒక కమిటీ వేసింది. ముందుగా ఎంచుకున్న నాలుగు రంగాల్లో సెల్‌ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలతో పాటు వ్యవసాయ పనిముట్లు కూడా ఉన్నాయి. ఆ వార్త చదివి చాలా సంతోషించినాను. రైతుకు ఆ హక్కు చేతికి అందడమంటే, డయాఫ్రం ఒక్కటే విడిగా గోరంట్ల బజార్లో దొరకడం. దాని కోసం ఎదురు చూస్తున్నాను.

పని నేర్చుకుంటామని పిల్లలు రావడం తగ్గింది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019లో తెరిచిన తర్వాత చదువుకున్న పిల్లలు అటు చూస్తున్నారు. నెల జీతం, బస్సు, యూనిఫారం ఉన్న పనిని వద్దని ఎవరికి చెబుతాం? ఒకరిద్దరు సెలవుల్లో వచ్చి కూర్చుంటారు. వాళ్లకు నేను జి.డి. నాయుడు గారి సంగతి చెబుతాను. కోయంబత్తూరు దగ్గరి కలంగల్ పల్లెలో తెలుగు ఇంట్లో 1893లో పుట్టినాడు. ఒక దొర దగ్గర రడ్జ్ మోటారు సైకిలు చూసి, కోయంబత్తూరు హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్నే కొన్నాడు. కొని మొదట చేసిన పని, మొత్తం విప్పి మళ్లీ బిగించడం. దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు 1937లో ఆయన చేతి కింద తయారైందని చెబుతారు. అది విని పిల్లలు ఊరికే ఉండరు, విప్పడానికి ఏదైనా ఇయ్యమంటారు. పాత స్ప్రేయర్ ఇంజను ఒకటి వాళ్ల కోసమే పక్కన పెట్టినాను.

రైతులకు నేను చెప్పుకునేది ఇంతే. ఆఖరి మందు కొట్టిన రోజు ఇంటికి వచ్చి ట్యాంకు వంచి పెట్రోలు డబ్బాలోకి పోయండి. ఆయిలు కలిపినది కాబట్టి టూ స్ట్రోకు బండి ఉంటే అందులో వాడుకోవచ్చు, ఫోర్ స్ట్రోకు బండిలో పోయొద్దు. తర్వాత ఇంజను స్టార్టు చేసి, రేసు ఇవ్వకుండా, అదే ఆగిపోయే దాకా వదిలేయండి, గిన్నె ఖాళీ అవుతుంది. ప్లగ్గు విప్పి చెంచాడు ఆయిలు లోపల పోసి తాడు రెండుసార్లు మెల్లగా లాగి, ప్లగ్గు బిగించండి. గాలి ఫిల్టరు స్పాంజిలో మన ఎర్రమట్టి ఎంత ఉందో ఒకసారి పిండి చూడండి. సబ్బు నీళ్లతో ఉతికి, ఆరబెట్టి పెట్టండి. మందు డబ్బాల పక్కన, ఎరువు మూటల పక్కన మిషను ఉంచొద్దు. మీకు తీరిక లేకపోతే కాయ పీకిన వారంలో షాపుకు తెండి. ఈ ఒక్క పనికి నేను కూలి తీసుకోను.