సూరత్ శివార్లలో తెలుగు పేట

వరంగల్లులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన ప్రయాణికుడు బల్లార్షా, వార్ధా, జలగావ్ దాటి, తపతీ లోయ వెంబడి పడమటికి సాగి, ఉధ్నా దగ్గర బొంబాయి–అహమదాబాద్ ప్రధాన మార్గంలోకి వచ్చి పడతాడు. ఈ రెండు రైలుమార్గాలు కలిసే మూలకు ఈశాన్యంగా, సూరత్ నగరానికి ఆగ్నేయపు అంచున పరచుకొని ఉన్నది లింబాయత్. పేరు గుజరాతీది, నేల గుజరాతుది. కాని అక్కడి కొన్ని వీధుల్లో చెవిని పడేది కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల తెలుగు.

ప్రపంచ పటాలలో సూరత్ అనగానే వజ్రాల సాన, జరీపని, చీరల అంగళ్లు కనిపిస్తాయి. లింబాయత్ కనిపించదు. గతంలో అది నగరం వెలుపలి పల్లె. నగరం పెరుగుతూ వచ్చి దానిని తనలో కలుపుకొన్నది. 2011 నాటి లెక్కల్లో ఈ ప్రాంతం పేరిట ఉన్న ఆగ్నేయ మండలంలో, ఇరవై చదరపు కిలోమీటర్లకు లోపడిన నేలమీద, ఏడు లక్షలకు పైగా జనం ఉన్నారు. అంటే చదరపు కిలోమీటరుకు 35 వేలమందికి పైమాట. 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజనలో లింబాయత్ పేర శాసనసభా స్థానం ఏర్పడి, 2012లో తొలి ఎన్నిక జరిగినది. లోక్‌సభకు మాత్రం ఈ పేట సూరత్ కింద గాక నవ్‌సారి కింద లెక్క.

నేల చదును, పల్లం. పేట మధ్యనుంచి ఒక వాగు పారుతుంది. దాని పేరు మీఠీ ఖాడీ, అంటే తీపి వాగు. మురుగునీటితో నల్లబడిన ఆ ప్రవాహానికి ఆ పేరు ఏనాడు పెట్టారో గాని, వానాకాలంలో దాని తీపిని చవిచూడని వీధి ఇక్కడ అరుదు. తపతికి వరద వస్తే యావత్తు నగరం ఉలిక్కిపడుతుంది, పత్రికలు వ్రాస్తాయి. ఖాడీకి పోటు వస్తే లింబాయత్, పర్వత్ పాటియా వంటి పేటలవారు మాత్రమే మంచాలు, బియ్యం సంచులు పై అంతస్తుకు ఎక్కించుకొంటారు. పడమటనున్న రైలుకట్ట కూడా చిన్న విషయం కాదు. నగరపు జవుళి సంతలు చాలావరకు కట్టకు అవతల, రింగురోడ్డు మీద ఉన్నవి. నేసేవారిలో చాలామంది ఇవతల. కట్టకింది ఇరుకు దారిలో నీరు నిలిచిననాడు పేటకూ సంతకూ మధ్య దూరం ఒక్కసారిగా పెరిగిపోతుంది.

సూరత్‌కూ తెలుగునాటికీ గల బంధుత్వం నేటిది కాదు. ఆంగ్ల వర్తకులు 1611లో మచిలీపట్నంలో దిగారు. 1613లో జహంగీరు అనుమతితో సూరత్‌లో కోఠీ కట్టుకొన్నారు. తూర్పు తీరాన అద్దకం గుడ్డల రేవు, పడమటి తీరాన పట్టు, జరీల రేవు. రెండింటికీ ప్రాణం మగ్గమే. శివాజీ 1664లోను, 1670లోను సూరత్‌ను కొల్లగొట్టాడంటే దాని సంపద ఎంతటిదో ఊహించవచ్చును. తరువాత బొంబాయి పైకి వచ్చి సూరత్‌ను వెనుకకు నెట్టినది. 1837లో ఒకే ఏడు అగ్నిప్రమాదం, వరద నగరాన్ని దెబ్బతీసినవి. మచిలీపట్నం రేవు ఆ పిమ్మట తేరుకోలేదు గాని, సూరత్ మాత్రం మగ్గం చేతపట్టుకొనే తిరిగి లేచినది.

పాత సూరత్‌కు రెండు ప్రాకారాలు ఉండేవి. వాటి నడుమ వెలసిన పేటలను పురాలనేవారు: సలాబత్‌పురా, బేగంపురా, నవాపురా. చేతిపనులవారికి, నేతగాండ్రకు ఆనాడు ఆశ్రయమిచ్చినవి ఈ పురాలే. శ్రమించేవారిని లోపలి గోడకు అవతల ఉంచే అలవాటు సూరత్‌కు కొత్తది కాదన్నమాట. గోడలు కూలి, కృత్రిమ పట్టు వచ్చి, మరమగ్గాలు పెరిగిన కొలదీ పురాలు చాలక ఉధ్నా, పాండేసరా, లింబాయత్, డిండోలీ పుట్టుకొచ్చినవి. జనాభా లెక్కలు చూస్తే కళ్లు తిరుగుతాయి. 1961లో నగర జనాభా 2.88 లక్షలు. 1981లో 7.77 లక్షలు. 1991లో సుమారు 15 లక్షలు. 2001లో 24 లక్షలు దాటి, నగర సరిహద్దులు పెంచిన తరువాత 2011లో 44.67 లక్షలకు చేరినది. యాభై ఏండ్లలో పదిహేను రెట్లకు పైగా! ఇంత పెరుగుదల కాన్పుల వల్ల వచ్చేది కాదు, రైళ్ల వల్ల వచ్చేది. ఒడిశాలోని గంజాం నుంచి, ఖాందేశ్ నుంచి, ఉత్తరప్రదేశ్, బీహార్‌ల నుంచి దిగినవారితో పాటు తెలంగాణ పద్మశాలీలు కూడా దిగారు.

పద్మశాలికి వలస కొత్త కాదు. నిజాం కాలం నుంచే షోలాపురం, బొంబాయి, భీవండి అతనికి తెలిసిన ఊళ్లు. 1934లో వరంగల్లులో ఆజంజాహీ మిల్లు వెలసినప్పుడు కొందరికి సొంతగడ్డ మీదనే యంత్రం దొరికినది. ఆ మిల్లు కూడా కాలక్రమంలో మూతపడినది. 1982లో దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి బట్టల మిల్లుల సమ్మె సాగి, మిల్లులనేకం మళ్లీ తెరుచుకోలేదు. మిల్లుల పని భీవండి, సూరత్ మరమగ్గాలకు మరలినది. పనితో పాటు పనివాడూ మరలినాడు.

ఇక్కడే ఈ పేట కథలోని చేదు ఉన్నది. చేతిమగ్గం ఎందుకు ఆగిపోయినదంటే మరమగ్గం గుడ్డ చవుక గనుక. పోచంపల్లి చిటికి పనిని అచ్చుగుద్ది చవుక చీరమీదకు ఎక్కించే సూరత్ సరుకు తెలుగునాటి అంగళ్లలో కుప్పలుగా పడి ఉంటుంది. పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు లభించినా ఆ కుప్పలు తరగలేదు. తన గుంటమగ్గాన్ని పడగొట్టిన గుడ్డనే నేయడానికి నేతగాడు ఆరు వందల మైళ్లకు తక్కువ కాని ప్రయాణం చేసి వచ్చాడు. అతనిని నిందించేదేమున్నది? పొట్ట అడిగిన ప్రశ్నకు అదే సమాధానం.

కార్ఖానాలో రెండు పాళీలు, పాళీకి పన్నెండు గంటలు. కూలి మీటరు లెక్కన. ఒక్కడు అనేక సాంచెలను కనిపెట్టుకొని, తెగిన పడుగుపోగును ముడివేస్తూ, అయిపోయిన కండెను మారుస్తూ నిలబడే ఉండాలి. ఆ మోత మధ్య మాట వినిపించదు గనుక సైగలే భాష. దిగేది కోరా గుడ్డ. రంగూ పువ్వూ తరువాత వేరేచోట పడతాయి. తాను నేసినదాన్ని చీరగా చూసే భాగ్యం నేసినవాడికి సాధారణంగా ఉండదు.

ఒక విషయంలో మాత్రం ఈ పేట సాటి కార్మికవాడలకు భిన్నం. 2011లో సూరత్ నగరంలో వెయ్యిమంది మగవారికి ఆడవారు 760 కూడా లేరు. ఒంటరిగా వచ్చి, ఒక్క గదిలో వంతులవారీగా నిద్రపోయే మగవారి నగరమది. పద్మశాలి అలా రాలేదు. నేత ఇంటిల్లిపాది పని గనుక భార్యాబిడ్డలతో వచ్చాడు. మగవారు సాంచెమీద ఉండగా, ఆడవారు ఇంటివద్ద చీరలకు అంచులు కుట్టడం, రాళ్లు అతకడం, దారాలు కత్తిరించడం చేస్తారు. సంసారాలు వచ్చాయి గనుకనే దేవుళ్లూ పండుగలూ వచ్చినవి. తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రం నేసిన భావనారుషిని, ఆయన తండ్రి మార్కండేయుని తమ మూలపురుషులుగా కొలిచే ఈ కులంవారికి శ్రావణ పౌర్ణమి పెద్దపండుగ. ఆనాడు జంధ్యం మారుస్తారు. నవరాత్రుల్లో సూరత్ అంతటా కుండదీపం చుట్టూ గర్బా తిరుగుతుంటే, లింబాయత్‌లో తెలుగు ఆడపడుచులు పూలపేర్పు చుట్టూ బతుకమ్మ ఆడతారు. రెండు ఆటలకూ చప్పట్లే తాళం. వీటిని పరాయి ఆచారాలని ఎవరికి అనిపిస్తుంది?

ఆపదలు వచ్చినప్పుడు మాత్రం, ఎవరిది ఏ ఊరన్న ప్రశ్న తిరిగి లేస్తుంది. 1992 డిసెంబరు అల్లర్లలో పాతనగరం చాలావరకు నిమ్మళంగా ఉండగా, వలసవాడలే ఎక్కువగా రక్తం చూసినవి. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పుట్టగానే లక్షలమంది దొరికిన రైలెక్కి ఎవరి ఊళ్లకు వారు పరుగెత్తారు. ఆ మరుసటి ఏడు నగరపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు చెత్త ఎత్తించి, వీధులు వెడల్పు చేయించి, అధికారులను కార్యాలయాల నుంచి వీధుల్లోకి నడిపించారు. 1996 నాటికి చండీగఢ్ తరువాత దేశంలో శుభ్రమైన నగరం సూరత్ అన్న పేరు వచ్చినది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో నగరంలో అత్యధిక భాగం మునిగినది. 2020లో కరోనా సోకినప్పుడు సూరత్‌లో మొదట ఉద్ధృతి చూసిన ప్రాంతాలలో లింబాయత్ ఒకటి. కార్ఖానాలు మూతపడగా మళ్లీ అదే పరుగు. ఈసారి తొలిరోజుల్లో ఎక్కడానికి రైళ్లు కూడా లేవు.

వెళ్లినవారిలో అనేకులు తిరిగి వచ్చారు. వెళ్లమని పిలిచే పిలుపు కూడా లేకపోలేదు. 2017 అక్టోబరులో వరంగల్లు సమీపాన కాకతీయ మెగా జవుళి పార్కుకు తెలంగాణ ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసినప్పుడు, సూరత్, భీవండి, షోలాపురాలకు పోయిన నేతకారులను ఇంటికి రప్పించడం దాని ఉద్దేశాలలో ఒకటని చెప్పారు. మంచి మాటే. కాని రప్పించవలసినది ఎవరిని? సాంచె ముందు నిలబడే తండ్రికి వరంగల్లు ఇల్లు కావచ్చును. లింబాయత్‌లో పుట్టి, గుజరాతీలో బేరమాడి, హిందీలో స్నేహితులతో పోట్లాడి, అమ్మతో మాత్రమే తెలుగు మాట్లాడే కొడుక్కి అది సెలవులకు పోయే ఊరు.

సూరత్ నగరపాలక సంఘం ప్రాథమిక పాఠశాలలను ఏడు భాషలలో నడుపుతున్నది: గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు. పరాయి రాష్ట్రపు కూలివాని భాషకు తన ఖర్చుతో పలక, పుస్తకం ఇచ్చే నగరాలు మనదేశంలో ఎన్ని ఉంటాయో లెక్కపెట్టుకోవచ్చును. అయితే ఆ బడి గడప దాటిన పిల్లవానికి సంత గుజరాతీది, చదువు మెట్టు ఇంగ్లీషుది. ప్రతి జూన్ నెలలో లింబాయత్‌లోని తల్లిదండ్రులు ఆ ఏడింటిలో ఒకదానిని ఎంచుకొంటారు. పేట రేపటి జనాభా లెక్కలో మాతృభాష అన్న గడి ఎదుట ఏమి వ్రాయబడుతుందో అప్పుడే నిర్ణయమవుతున్నది.