ఈసారి సంచుల కాపలా నాది కాదు

కోట కినబాలు వెళితే ఎదురుగా ఉన్న తుంకు అబ్దుల్ రహమాన్ పార్కు దీవులు చూడందే రాకండి. గాయా, సాపి, మనుకాన్, మముతిక్, సులుగ్ అని మొత్తం 5. జెసెల్టన్ పాయింట్‌లో పొద్దున్నే పడవెక్కి మేం మూడు తిరిగాం.

సముద్రం దగ్గర నా పని ఎప్పుడూ ఒకటే, చెప్పులకీ సంచులకీ కాపలా. ఈత రాదు మరి. సాపిలో మా అమ్మాయి "లైఫ్ జాకెట్ ఉందిగా అమ్మా, రా" అని చెయ్యి వదల్లేదు. స్నార్కెల్ గొట్టం నోట్లో పెట్టుకోగానే గుండె దడ. ఉప్పునీళ్ళు మింగి రెండుసార్లు లేచి నిలబడ్డాను. మూడోసారి ముఖం ముంచి, నోటితో మెల్లగా గాలి పీల్చాను.

కింద పగడాలు! బీఎస్సీ జువాలజీ రికార్డులో పెన్సిలుతో గీసి మార్కులు తెచ్చుకున్నవే. చూడ్డానికి రాళ్ళు, నిజానికి జంతువులు. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు ఎండతో ఆహారం తయారుచేసి పెడతాయి (అక్కడా వంట ఒకరిదే!). నీళ్ళు మరీ వేడెక్కితే ఆ శైవలాలు వెళ్ళిపోయి పగడం తెల్లబడుతుంది. దయచేసి వాటిమీద కాలు పెట్టకండి.

మనుకాన్‌లో భోజనం కాల్చిన చేప, అన్నం, పుచ్చకాయ. శాకాహారులైతే ముందే చెప్పుకోండి. నా పులిహోర డబ్బా మాత్రం నిమిషాల్లో ఖాళీ.

మముతిక్‌లో పడవ దిగగానే తల్లీకూతుళ్ళం నీళ్ళలోకి పరుగెత్తాం. సంచుల దగ్గర మావారు కూర్చున్నారు.